ఊర్మిళ ఉమ్మి మీద పంచాయతి

ఉధ్నా, సూరత్
డిసెంబరు 1

వదినగారు బుచ్చవ్వ గారికి,

స్వరాజ్యం నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం అని మొదటి వాక్యంలో రాయడం పద్ధతి కనుక రాశాను. రెండో వాక్యం నుంచి నిజం రాస్తున్నాను.

మీ అమ్మాయి ఊర్మిళకు నెలసరి ఆగిపోయి ఏడాదైంది. నలభై ఒకటో ఏటనే ఆగిపోవడం చాలా తొందర అని అందరూ అంటున్నారు. ఆగిపోయినది ఊరికే ఆగిపోలేదు, పోతూ పోతూ ఒంట్లో పొయ్యి ముట్టించి పోయింది. ఉన్నట్టుండి గుండెల దగ్గర మొదలై చెవుల దాకా సెగ ఎక్కుతుంది, చెమటతో రవిక తడిసిపోతుంది. ఈ చలికాలంలో మేము దుప్పట్లు తీస్తే ఆమె కూలర్ తీసింది. నా ఇంట్లో నేను మంకీ టోపీ పెట్టుకుని పప్పన్నం తింటున్నాను. మొన్న మధ్యాహ్నం ఫ్రిజ్ తలుపు తీసి, తల లోపల పెట్టి ఇరవై నిమిషాలు నిలబడింది. సొరకాయ కోసం వెళ్లి, "ఊర్మిళా, కొంచెం జరుగమ్మా" అన్నాను. "సొరకాయ రేపు అత్తమ్మా. ఇయ్యాల ఇండ్ల నేనున్న" అంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నిద్ర లేక మూడు నెలలైంది ఆమెకు. చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని ఇంటికి తెచ్చుకుంటుంది కదా, పోయిన వారం దారం బదులు చీరే కత్తిరించింది. కత్తెర పక్కన పెట్టి ఏడ్చింది. ఇరవై నాలుగేళ్లలో ఆమెను ఏడిపించడానికి నేను చేసిన ప్రయత్నాలేవీ ఫలించలేదు. ఇది ఫలించింది. అందుకే భయపడ్డాను.

మా మనవరాలు రుచిత వెతికి, కామ్‌రేజ్‌లో ‘ఋతుసఖి’ అనే కేంద్రానికి తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు విజయశ్రీ. అందరికీ ఒకే కొలతకు రవిక కుట్టనట్టే, ఈ వయసులో అందరికీ ఒకే మందు ఇవ్వరట. ఉమ్మి తీసి జన్యు పరీక్ష చేస్తారట. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒంటికి ఏమేమి గుణాలు వచ్చాయో చూసి, ఏ మందు, ఎంత, మాత్రగానా మరో దారినా అన్నది తేలుస్తారట. దానికి ముందు ఒక ఫారం నింపాలి. పుట్టింటి ఆరోగ్య చరిత్ర కావాలి. మీకూ, మీ అమ్మగారికీ, అక్కచెల్లెళ్లకూ నెలసరి ఏ వయసులో ఆగింది? ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డ కట్టిందా? రొమ్ము క్యాన్సర్ వచ్చిందా? చిన్నదానికే ఎముకలు విరిగాయా? మనసు చెడి మంచం పట్టారా? దాచకుండా రాయండి.

ఇది ఫోన్లో అడిగే సంగతి కాదు. మీకు వినబడాలంటే స్పీకర్ పెట్టాలి. స్పీకర్ పెడితే మీ వాడకట్టంతా జవాబులు చెబుతుంది.

ఇట్లు,
మీ వియ్యపురాలు
స్వరాజ్యం

తా.క.: మీ అల్లుడు సదానందం ఈ మధ్య ఇంట్లో మాట్లాడటం లేదు. భార్యకు భయపడి కాదట. ఇంకేదో కారణం చెప్పాడు గానీ, చలికి పళ్లు కొట్టుకుంటున్నందువల్ల నాకు అర్థం కాలేదు.

---

సిరిసిల్ల
డిసెంబర్ 7

స్వరాజ్యం వదినెకు,

బుచ్చవ్వ దండం పెట్టి రాసేది. నీ ఉత్తరం మూడుసార్లు సదివిన. కండ్లద్దాలు పెట్టుకొని ఒకసారి, అద్దాలు తుడిసి ఒకసారి, దేవుని ముంగట కూసోని ఒకసారి. మూడుసార్లు గూడ అదే ఉన్నది.

ఏంది వదినె ఇది? ఇవన్ని సంబంధం మాట్లాడెటప్పుడు అడుగుతరు. మీ ఇంట్ల కాళ్లు మంచిగున్నయా, బొక్కలు గట్టియేనా, మతి సక్కగున్నదా అని. ఇరవై నాలుగేండ్లు నా బిడ్డతోని అన్నం వండిచ్చుకొని ఇప్పుడడుగుతవా? కొన్న బర్రెకు పండ్లు ఇరవై నాలుగేండ్లయినంక లెక్కవెడతరా?

అడిగినవ్ గనుక చెప్తున్న, రాసుకో. మా ఇంట్ల ఎవలకు ఏ బీమారి లేదు. మా అవ్వ నూటొక్క ఏండ్లు బతికింది. సచ్చిన దినం గూడ పొద్దుగాల నూలు కండెలు సుట్టింది, పగటీలి రెండు జొన్నరొట్టెలు తిన్నది, మాపటీలి మా పెద్దమ్మను తిట్టుకుంట పాణం ఇడిసింది. మా పెద్దమ్మ బండ మీద పడ్డది. బండ పలిగింది, బొక్క ఇరుగలే. ముట్లంటవా, మా వంశంల అరవై దాటకుంట ఆగయి. నాకైతె ఎప్పుడాగినయో నాకే ఎరుక లేదు, గంత అల్కగ పోయినయ్. మతి అంటవా, మా ఇంట్ల అందరికి ఉండాల్సిన దానికంటె ఎక్కువనే ఉన్నది.

నా బిడ్డల ఏ ఐబు లేదు, ఏ వంక లేదు. మీ ఇంటికొచ్చినంక ఏమన్న అయితె అది మీ ఉధ్నా నీళ్లది.

ఇట్లు
బుచ్చవ్వ

తా.క.: ఆ కామ్‌రేజ్ డాక్టరమ్మకు పెండ్లయిందా? విజయశ్రీ అంట, పేరు మంచిగనే ఉన్నది. అల్లునికి మల్ల సంబంధం సూస్తున్నవా వదినె? సక్కగ చెప్పు. నా పాణం గట్టిది, తట్టుకుంటది.

---

ఉధ్నా, సూరత్
డిసెంబరు 13

వదినగారికి,

నమస్కారాలు. మీ ఆరోగ్యం గురించి అడగనక్కరలేదని మీ ఉత్తరం చదివాక తెలిసింది.

ముందు మీ తా.క.కు జవాబు. డాక్టరు విజయశ్రీకి పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. కాకపోయినా ఆమె సదానందాన్ని చూడదు. నేనే చూడను, కన్నందుకు చూస్తున్నాను.

మీరు రాసినదంతా తీసుకెళ్లి ఆమెకు చదివి వినిపించాను. సూరత్‌లోనే పుట్టి పెరిగిన మన తెలుగు పిల్ల, ఒకే మాటలో మూడు భాషలు మాట్లాడుతుంది. అంతా విని, "అరే వా! ఈ ఫ్యామిలీల మనుషులు మరి ఎట్ల మరణిస్తరమ్మా?" అని అడిగింది. తిట్టుకుంటూ అని చెప్పాను. రాసుకుంది.

ఉమ్మి ఇచ్చే కార్యక్రమం పోయిన సోమవారం, ఎనిమిదో తేదీన జరిగింది. ఒక చిన్న గొట్టం ఇస్తారు, గీత దాకా నింపాలి. అరగంట ముందు నుంచీ ఏమీ తినకూడదు. ఊర్మిళకు సెగలు వచ్చి నోరు ఎండిపోయింది. ఎంతకీ రాదు. "మమ్మీ, పానీపూరీ యాద్ చేసుకో" అంటుంది రుచిత. నేను చింతకాయ తొక్కు నూరడం మొదలు నుంచి వర్ణించాను. ఉప్పు వేసే దగ్గరికి వచ్చేసరికి నాకూ, రుచితకూ, గొట్టం పట్టుకున్న నర్సుకూ నోరూరింది, ఊర్మిళకు ఊరలేదు. మాది పనికిరాదట. చివరికి నేను వంటలో ఆమె తప్పులు చెప్పడం మొదలుపెట్టాను. పళ్లు కొరుకుతూ రెండు నిమిషాల్లో నింపింది.

మీరు ఏమీ లేదు, ఏమీ లేదు అని రాశారు. మంచిదే. మీ వంశం సంగతంతా ఆ గొట్టంలో ఉంటుందట. తండ్రి నుంచి సగం, తల్లి నుంచి సగం. మనుషులు దాచినా ఉమ్మి దాచదని డాక్టరు చెప్పింది. మూడు వారాల్లో తేలుతుంది.

ఇట్లు,
స్వరాజ్యం

తా.క.: ఉధ్నా నీళ్లు నేను నలభై ఆరేళ్లుగా తాగుతున్నాను. నాలో ఏ ఐబూ లేదు. కావాలంటే నా కోడలిని అడగండి. ఇప్పుడు కాదు, సెగ తగ్గాక.

---

సిరిసిల్ల
డిసెంబర్ 20

స్వరాజ్యం టీచరమ్మకు,

ఇగ నిన్ను వదినె అనుడు బంద్ చేసిన.

నీ ఉత్తరం మా తమ్ముడు లింగమూర్తికి సూపెట్టిన. ఆడోళ్ల ముచ్చట్లున్న కాయితం దాసిపెట్టి ఉమ్మి కాయితం ఒక్కటే ఇచ్చిన. వాడు టీవీల నేరాల కథలు రోజు సూస్తడు. సదువుడు సదువుడే లేసి నిలవడ్డడు. "అక్కా, ఉమ్మి తీసేది బీమారికి కాదే. పిల్ల ఎవలకు పుట్టిందో తెల్సుకునేతందుకు తీస్తరు" అన్నడు. తండ్రి నుంచి సగం, తల్లి నుంచి సగం అని నువ్వే రాసినవ్, ఉమ్మి దాసదని నువ్వే రాసినవ్.

ఇదా నీ మనసుల ఉన్నది? డెబ్బై ఏండ్ల కాడికొచ్చినంక నా మీద గిట్ల నింద పెడతవా? నా బిడ్డ ముక్కు సూడు. ఆ ముక్కు మా ఆయనది. ఊళ్ల గసొంటి ముక్కు ఇంకోటి లేదు. ఉన్నా ఎవలు ఒప్పుకోరు, గంత పెద్దగుంటది. ముక్కు సూడవశమైతలేదా, ఉమ్మి సూస్తవా?

కులపోళ్లను కూసోవెట్టిన. లింగమూర్తి, రాజనర్సు, వెంకటయ్య ముగ్గురు మీ ఇంటికి పంచాయతికి వస్తున్నరు. జనవరి రెండో తారీకు పొద్దుగాల ఉధ్నా టేషన్ల దిగుతరు. వాళ్ల ముంగట చెప్పు నా బిడ్డల ఏం తప్పున్నదో. పంపిస్తనంటె పంపియ్యి. నా ఇంట్ల ఇంకో మనిషికి జాగ ఉన్నది.

ఇట్లు
బుచ్చవ్వ, ఊర్మిళ తల్లి

తా.క.: టేషన్‌కు ఎవలనన్న తోలియ్యి, ముగ్గురు గూడ తొవ్వ తప్పిపోతరు. పంచాయతికే వస్తున్నరు గని వెంకటయ్యకు షుగరున్నది, చాయ్‌ల చక్కెర వెయ్యకు. నువ్వుల లడ్డూలు పంపుతున్న. అవి నా బిడ్డకు, నీకు కాదు. నువ్వు గూడ రెండు తీసుకో.

---

ఉధ్నా, సూరత్
జనవరి 6

ఊర్మిళ తల్లిగారికి,

వదిన అనడం మీరు మానేశారు. నేను మానలేదు, వదినా.

మీ పంచాయతి వచ్చింది. సదానందం స్టేషన్‌కు వెళ్లి ముగ్గురినీ ఒకే ఆటోలో ఎక్కించుకొచ్చాడు. ముందు గదిలో చాప వేశాను. గొంతు సవరించుకుని లింగమూర్తి మొదలుపెట్టాడు.

"మేము చాయ్ తాగనీకి రాలే టీచరమ్మా. పంచాయతికొచ్చినం."

"పంచాయతి చాయ్ తర్వాత" అన్నాను. పెద్దమనుషులు కాబట్టి వాదించలేదు.

అప్పుడే ఊర్మిళ కప్పులతో వచ్చింది. మూడో కప్పు అందిస్తుండగా సెగ మొదలైంది. ముఖం కుంకుమలా ఎర్రబడింది. పళ్లెం నా చేతిలో పెట్టి, నేరుగా వెళ్లి కూలర్ మీట పూర్తిగా తిప్పి, దాని ముందు కొంగు విదిలిస్తూ కూర్చుంది. చాప ఒక కొస లేచి రాజనర్సు ముఖానికి కొట్టుకుంది.

"బిడ్డా, జర బంద్ చెయ్యరాదు. సలి పెడుతున్నది" అన్నాడాయన.

"బంద్ చేస్తె ముగ్గురు కల్సి నన్ను లేవట్టుకపోయి తాపీ నదిల ఏసి రాండ్రి. చేస్తరా?"

చేయం అన్నారు. లింగమూర్తి అసలు విషయానికి వచ్చాడు. "కాదే పిల్లా, వీళ్లు నీ ఉమ్మి తీసిండ్రట గద..."

"నేనే ఇచ్చిన మామా! ఒళ్లంత అంటుకుంటున్నది, మందు కోసం ఇచ్చిన. నా నోరు, నా ఉమ్మి. పంచాయతి నా మీదనా, ఉమ్మి మీదనా? ఉమ్మి మీదనైతె కామ్‌రేజ్‌ల ఉన్నది, పోయి దానితోని మాట్లాడుండ్రి."

అప్పుడు వెంకటయ్య కప్పు కింద పెట్టి, మెల్లగా అన్నాడు. "మా ఇంటామెకు గూడ గిట్లనే ఐతున్నది. కూసున్న మనిషి సర్రున లేసి వాకిట్లకు ఉరుకుతది. దయ్యం సోకిందని తాయెత్తు కట్టిచ్చినం."

"తగ్గిందా?" అన్నాడు రాజనర్సు, అవసరమైనదానికంటే ఎక్కువ ఆత్రంగా.

"ఏడ? తాయెత్తు తెంపి నా మీదికే ఇసిరింది."

తర్వాత జరిగినది పంచాయతి అనడానికి వీల్లేదు. ముగ్గురు పెద్దమనుషులూ దుప్పట్లు కప్పుకుని, రుచిత చెబుతుంటే రాసుకున్నారు. మర్నాడు కామ్‌రేజ్ వెళ్లి డాక్టరును చూసి వచ్చి, ఎవరి భార్యకు వారు ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నారు. లింగమూర్తి తన అనుమానం వెనక్కి తీసుకున్నాడు. టీవీ చూడటం తగ్గిస్తానని కూడా అన్నాడు గానీ అది నేను నమ్మలేదు.

ఇక నవ్వులాట చాలు, వదినా. నిన్న ఫలితం వచ్చింది.

అందులో రెండు సంగతులున్నాయి. నెలసరిని తొందరగా ఆపే గుణం ఏదీ ఊర్మిళలో కనబడలేదు. మరి నలభై ఒకటికే ఎందుకు ఆగింది? డాక్టరుకు అర్థం కావడం లేదు. తలలోని గ్రంథికి స్కానింగ్, మెడలోని దానికి ఇంకో పరీక్ష, ఇంకేదో, ఇంకేదో. కారణం తెలిసేదాకా మందు మొదలుపెట్టనంటోంది. రెండోది, రక్తం తొందరగా గడ్డకట్టే గుణం ఒకటి దొరికింది. అది మీ నుంచైనా రావాలి, పోయిన అన్నయ్యగారి నుంచైనా రావాలి. ఇంట్లో ఎవరికైనా నిజంగా గడ్డ కట్టి ఉంటే మాత్ర ఇవ్వడం ప్రమాదమట. మీరేమో ఎవరికీ ఏమీ లేదని రాశారు. డాక్టరు మీ ఉత్తరాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది. మీ అమ్మాయి మందు ఇప్పుడు మీ మాట మీద నిలబడి ఉంది.

నేను ముప్పై మూడేళ్లు మున్సిపాలిటీ తెలుగు బడిలో, చివరికి హెడ్మిస్ట్రెస్‌గా కూడా, పరీక్ష పేపర్లు దిద్దాను. భయంతో రాసిన జవాబు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నిన్న ఊర్మిళ ఒళ్లో చీర పెట్టుకుని, కత్తెర ముట్టకుండా, "నేను పిచ్చిదాన్నైతున్ననా అత్తమ్మా?" అని అడిగింది. కాదు అన్నాను. జవాబు తెలియకుండా జవాబు చెప్పడం నాకు అదే మొదటిసారి.

మగపెళ్లివారి తరఫున అడగడం లేదు. రాయండి.

ఇట్లు,
స్వరాజ్యం

తా.క.: వెంకటయ్యకు చక్కెర లేకుండానే చాయ్ ఇచ్చాను. అది తాగి, మీ లడ్డూలు తొమ్మిది తిన్నాడు.

---

సిరిసిల్ల
జనవరి 12

వదినెకు,

మల్ల వదినె అంటున్న, ఏమనుకోకు.

నీ ఉత్తరం సదివినంక బువ్వ పోతలేదు. లింగమూర్తి వచ్చి "అక్కా, పిల్ల సగమయింది" అన్నడు. ఇగ దాసను.

ఊర్మిళ పుట్టినంక పన్నెండొద్దులకు నా ఎడమ కాలు గుమ్మడికాయ తీరుగ వాసింది. కరీంనగర్ దవాఖానల ఇరవై దినాలు పండుకున్న. నరంల నెత్తురు గడ్డకట్టిందని చెప్పిండ్రు. మా అవ్వ ఊళ్ల అందరికి బాయికాడ జారిపడ్డదని చెప్పింది. ఇంట్ల ఇంక ముగ్గురు ఆడివిల్లలు పెండ్లికున్నరాయె. కాళ్లల్ల బీమారున్న ఇంటికి ఎవలొస్తరు? గప్పటి సంది నేను గూడ జారిపడ్డ అనే చెప్తున్న. చెప్పి చెప్పి నాకే నిజమనిపిచ్చింది. బాయిని సూస్తె కోపమొచ్చేది.

నేను గూడ మండిన వదినె. నలభై ఎనిమిదిల ఆగినయ్. కూలరెక్కడిది అప్పుడు? నీళ్ల గోలెంల మోచేతులదాక చేతులు పెట్టి కూసునేదాన్ని. మీ అన్న ఏం చేస్తున్నవే అంటె బట్టలు నానవెడుతున్న అనేదాన్ని. మూడేండ్లు బట్టలు నానవెట్టిన. మా ఇంట్ల ఉన్నయే నాలుగు బట్టలు. ఆయన ఒక్కనాడు అనుమానపడలే.

ఇంకోటున్నది. ఇది సదివి నన్ను ఏమన్నా అను.

పెండ్లినాడు ఊర్మిళకు పద్దెనిమిది కాదు. ఇరవై నాలుగు.

అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయినయ్. నువ్వు అద్దాలు పెట్టుకొని, చేతిల సంచి పట్టుకొని, పరీక్షకొచ్చిన ఇన్‌స్పెక్టరు లెక్క కూసున్నవ్. "అమ్మాయి వయసెంత?" అన్నవ్. నీ కొడుకుకు ఇరవై రెండని ముందే చెప్పిండ్రు. నా నోట్ల నుంచి పద్దెనిమిది అని ఎట్లొచ్చిందో దేవునికెరుక. ఇరవై నాలుగంటె నువ్వు చాయ్ గిలాస ముట్టేదానివా?

అంటె ఇప్పుడు నా బిడ్డకు నలభై ఎనిమిది. నలభై ఏడుల ఆగినయ్. ఈడుకొచ్చే ఆగినయ్ వదినె, తొందరేం పడలే. డాక్టరమ్మకు చెప్పు, నెత్తికి మిషన్ పెట్టుడు అక్కెరలేదు. నా కాలు ముచ్చట చెప్పు. మందిప్పియ్యి.

నన్ను ఎంతన్న తిట్టు. నా బిడ్డను ఇంట్ల నుంచి పంపకు. తప్పు దానిది కాదు.

ఇట్లు
బుచ్చవ్వ

తా.క.: ఎవలకు చెప్పొద్దని దానితోని ఒట్టు పెట్టిచ్చిన. ఇరవై నాలుగేండ్ల సంది ఆ పిల్ల ఆరేండ్లు మింగుకుంట బతుకుతున్నది. ముసలిదైనట్టు నీకు ఎన్నడు అనిపియ్యలేదా వదినె? టీచరువు గద.

---

ఉధ్నా, సూరత్
జనవరి 30

వదినకు,

జవాబు ఆలస్యమైంది. తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నారేమో అనుకుని ఉంటారు. వెతుక్కున్నాను, నిజమే. దొరికినవన్నీ చివరికి నాకే సరిపోయాయి. ఎందుకో వినండి.

పద్దెనిమిదో తేదీన, ఆదివారం నాడు, మీ ఉత్తరం అందింది. చదివి లేచి నిలబడ్డాను. నా కోడలు నా కొడుకు కంటే రెండేళ్లు పెద్ద! మధ్యాహ్నం భోజనాల దగ్గర, గుండె గట్టి చేసుకుని, అందరి ముందూ ప్రకటించాను. "సదానందం, నువ్వు కంచం పక్కన పెట్టి విను. ఒక రహస్యం బయటపడింది."

అంతా విన్నాడు. కంచం పక్కన పెట్టలేదు. "ఎరుకేనమ్మా. పెండ్లయిన మూడో దినమే చెప్పింది. కూర ఇంకింత వెయ్యి."

రుచిత వైపు చూశాను. "సబ్‌కో మాలూమ్ నాయినమ్మా. అందరికి తెల్సు. కింది ఇంటి గుజరాతీ ఆంటీకి గూడ తెల్సు. నీకొక్కదానికే ఎవ్వలు చెప్పలె. చెప్తె తీసివేత చేసి సూపెట్టు అంటవని."

ఊర్మిళ తల ఎత్తకుండా అతనికి కూర వేసింది.

మర్నాడు పొద్దున్నే ఆమెను వెంటబెట్టుకుని కామ్‌రేజ్ వెళ్లాను. డాక్టరు ముందు మీ తరఫున అపరాధం ఒప్పుకున్నాను, కొంచెం దర్జాగానే. తప్పు మీది కదా, గొంతు బాగా పలికింది. ఆ పిల్ల లోపలి నుంచి ఫైలు తెప్పించి, ఉమ్మి ఇచ్చిన నాటి ఫారం నా ముందు పెట్టింది.

వయసు అనే గడిలో నీలం సిరాతో, ఊర్మిళ చేతిరాతతో, నలభై ఎనిమిది అని ఉంది.

దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత ఉంది. పైన నలభై రెండు అని ఉంది. పక్కన మార్జిన్‌లో ‘లెక్క సరిచూసుకో’ అని రాసి, పొట్టి సంతకం కూడా ఉంది. ఆ సంతకం ఈ ఉత్తరం కింద కూడా ఉంటుంది, పోల్చి చూసుకోండి.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇచ్చేముందు ఒకసారి చూస్తానని తీసుకున్నాను. రాసిన కాగితం కనబడితే నా చేతికి ఎర్ర కలం దానంతట అదే వస్తుంది. నెలసరి ఆగిన వయసు నలభై ఏడు అని రాస్తే అదీ కొట్టేసి నలభై ఒకటి చేశాను. నిద్ర లేక పాపం కూడిక కూడా రావడం లేదని జాలిపడ్డాను కూడా.

"డాక్టరమ్మా, దిద్దుడు సూసి నువ్వన్నా అడగొద్దా?" అన్నాను. ఇన్నేళ్లూ నేను దాచుకున్న సిరిసిల్ల యాస ఆ గాభరాలో బయటపడింది.

"మేడమ్, హెడ్మిస్ట్రెస్ సైన్ ఉంది. డౌట్ ఎట్ల చేస్తా? నా చిన్నప్పటి భయం అట్లనే ఉంది" అంది ఆ పిల్ల. ఏ బడిలో ఎవరు పెట్టిన భయమో అడగడానికి ధైర్యం చాల్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఊర్మిళను అడిగాను. "నేను కొట్టేస్తుంటే పక్కనే ఉన్నావు. నోరు తెరిచి చెప్పొద్దా?"

ఆమె ఏమందో తెలుసా? "మీకు అంత ఎరుకయ్యే కొట్టేసిండ్రనుకున్న అత్తమ్మా. కోడలు కొడుకు కంటె పెద్దదని పదిమందిల ఇజ్జత్ పోతదని భయపడ్డరేమో అనుకున్న. మీ ఇజ్జత్ ఎందుకు తియ్యాలె అని ఊకున్న, ఆయనను, రుచితను గూడ ఊకుండమన్న."

నా పరువు కోసమని డిసెంబరు ఎనిమిది నుంచి ఆమె మందు లేకుండా మండింది, వదినా. ఆ పరువు అంతా నా చేతిలో ఒక ఎర్ర కలం. మీరు దాచినది ఆరేళ్లు, నేను ఆలస్యం చేసినది ఆరు వారాలు. మీ ఆరేళ్ల వల్ల మా ఇంటికి ఒక మనిషి వచ్చింది. నా ఆరు వారాల వల్ల ఆ మనిషి కాలిపోయింది. కాబట్టి తిట్టు మీకు రాయడం లేదు. మీరే నాకు రాయండి. ఉత్తరం బరువైతే తిరుగు స్టాంపులు నేను పెట్టుకుంటాను.

ఇప్పుడు మందు సంగతి. వయసు తేలింది కాబట్టి స్కానింగులు రద్దయ్యాయి. మీ కాలు సంగతి తెలిసింది కాబట్టి మాత్ర కూడా రద్దయింది. చర్మం మీద అంటించే పట్టీ ఇచ్చింది, వారానికి రెండుసార్లు మార్చాలి. గడ్డకట్టే గుణం ఉన్నవాళ్లకు మాత్ర కంటే అదే మేలట. ఊర్మిళ ఒంటి తీరు చూసి చిన్న మోతాదుతో మొదలుపెట్టింది, నెలనెలా చూస్తానంది. అంటించి పదకొండు రోజులైంది. సెగలు రోజుకు పన్నెండు నుంచి మూడుకు వచ్చాయి. నిన్న మధ్యాహ్నం కత్తెర పక్కనే, చీరల మూట మీద తల పెట్టి రెండు గంటలు నిద్రపోయింది. పక్క షెడ్డులో మగ్గాలు దడదడలాడుతున్నా లేవలేదు. నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లందరినీ వెనక్కి పంపాను. సదానందాన్ని కూడా.

మీ అమ్మాయిని పంపే ఉద్దేశం నాకు లేదు. ఆమెకే నన్ను మీ దగ్గరకు పంపే ఉద్దేశం ఉంటే, మీ ఇంట్లో ఇంకో మనిషికి జాగా ఉందన్నారు కదా, గుర్తుపెట్టుకోండి.

ఇట్లు,
మీ వదిన
స్వరాజ్యం

తా.క.: మీ అల్లుడికి ధైర్యం వచ్చింది. మొన్న పొద్దున "అక్కా, చాయ్" అని భార్యను పిలిచాడు. చాయ్ వచ్చింది. గ్లాసు లేకుండా వచ్చింది. చొక్కా ఉతికేశాం.

ఇంకో తా.క.: ఆ గడ్డకట్టే గుణం మీకూ ఉండి ఉంటుందని, ఒకసారి మీ ఉమ్మి కూడా చూడాలని డాక్టరు అంటోంది. బయలుదేరి రండి, స్టేషన్‌కు నేనే వస్తాను. ఫారం మీరే నింపుకోండి, నేను కలం ఇంట్లో పెట్టి వస్తాను. కానీ వదినా, డెబ్బై ఏండ్ల కాడికొచ్చిన అని రాశారు కదా. లింగమూర్తి పంచాయతికి వచ్చినప్పుడు చాయ్ తాగుతూ తనకు డెబ్బై నాలుగు నిండాయన్నాడు. మీరు అతనికి అక్క. రెండుసార్లు తీసివేత చేశాను.